బీరువాలోని బ్లాకులు బయటికి తీయండి

నేను చూసిన ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో చాలావాటిలో బ్లాకులు, అంటే పిల్లలు పేర్చి కట్టుకునే ముక్కలు, ఉన్నాయి. అంగన్‌వాడీ కిట్టుతో వచ్చినవో, దాతలెవరో కొనిచ్చినవో, చెక్కవీ ప్లాస్టిక్‌వీ కలిసి ఏవో కొన్ని ఉంటాయి. అవి ఉండే చోటు మాత్రం పిల్లల చేతికి అందేది కాదు. ఆఫీసు గదిలో ఇనుప బీరువా, అందులో పాత రిజిస్టర్ల కింద అట్టపెట్టె, దానికి తాడు. పైనుంచి ఎవరైనా వస్తున్నారని ఫోన్ వచ్చిన రోజు ఆ తాడు విప్పుతారు.

నా వాదన సూటిగా చెప్తాను. ఒకటి, రెండు తరగతుల టైంటేబుల్లో బ్లాకులకు రోజూ ఒక పీరియడ్ ఉండాలి. భోజనం తర్వాత పిల్లలు తూగే వేళలోనో, ఇంటిగంటకు ముందో పెడితే లాభం లేదు. పొద్దున ప్రార్థన అయిన వెంటనే ఉండాలి. రాతపని ముందుగా ముగించిన వాళ్ళకు బహుమతిగా ఇవ్వకూడదు, అల్లరి చేసిన వాళ్ళకు శిక్షగా ఆపకూడదు. బహుమతిగా పెడితే అది ఎప్పుడూ చకచకా రాసేవాళ్ళకే దక్కుతుంది. బ్లాకుల అవసరం ఎక్కువగా ఉన్న పిల్లలు నోటుపుస్తకం ముందే కూర్చుండిపోతారు.

తాడిపత్రి దగ్గర ఒక ఊళ్ళో ఎస్‌జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా, ఈ రెండు తరగతులూ నేనే చూసుకుంటున్నాను. కాబట్టి ఇది ట్రైనింగ్‌లో విన్నది తిరిగి చెప్పడం కాదు. రోజూ నేల మీద కూర్చుని చూస్తున్నది చెప్తున్నాను.

ముందు లెక్కల సంగతి. 3 + 4 = అని రాసి పక్కన ఒక డబ్బా గీస్తాం. పిల్లలు అందులో 7 వేస్తారు. మనం టిక్ పెడతాం. అయితే ఆ రెండు అడ్డగీతలను వాళ్ళు ఎలా చదువుకుంటున్నారో తెలియాలంటే 7 = 3 + 4 అని తిరగేసి రాసి చూపించండి. తరగతిలో సగం మంది "తప్పు మేడం" అంటారు. వాళ్ళ లెక్కలో ఆ గుర్తుకు అర్థం "ఇక్కడ జవాబు రాయి" అని. రెండు వైపులా ఉన్నది ఒకే విలువ అన్న సంగతి ఆ డబ్బా ఎప్పుడూ చెప్పలేదు. ఈ పొరపాటు అలాగే ఉండిపోతే ఏడో తరగతిలో సమీకరణాలు వచ్చేసరికి పిల్లలు కూలబడతారు. అక్కడి లెక్కల టీచర్లకు ఇది బాగా తెలుసు.

అదే పిల్లలు వంతెన కట్టేటప్పుడు చూడండి. రెండు స్తంభాలు లేపి, పైన ఒక పొడవు ముక్క అడ్డంగా పెట్టాలి. మా దగ్గరున్న అసలు ముక్క 14 సెంటీమీటర్ల పొడవు, 7 వెడల్పు, 3.5 మందం. సగం ముక్క 7 పొడవు, 7 వెడల్పు, 3.5 మందం. ఒక పక్క అసలు ముక్కను నిలబెడతారు. రెండో పక్కకు అలాంటిది దొరకదు, ఎందుకంటే అప్పటికే పక్క గుంపు వాళ్ళు తీసేసుకుని ఉంటారు. అందుకని సగం ముక్కలు పేరుస్తారు. పడుకోబెట్టి మూడు పెడితే పై ముక్క వాలిపోతుంది. ఐదు పెడితే రెండో వైపుకు వాలుతుంది. నాలుగు పెడితే నిలుస్తుంది. అవే సగం ముక్కల్ని నిలువుగా పెట్టినవాళ్ళకు రెండు చాలతాయి. పక్కపక్కనే ఈ రెండు వంతెనలూ లేచినప్పుడు మా ఒకటో తరగతి పాప ఒకతె చాలాసేపు అటూ ఇటూ చూసి, "ఇటు నాలుగు, అటు రెండు, ఆ పక్క ఒకటే. అన్నీ ఒకే ఎత్తు ఉండాయి మేడం" అంది.

ఆ ఒక్క మాటలో ఎంత లెక్క ఉందో ఆలోచించండి. సంఖ్యలు వేరైనా పరిమాణం ఒకటే కావచ్చు. దేనితో కొలుస్తున్నామో దాన్ని బట్టి అంకె మారుతుంది. అదే వస్తువును తిప్పి పెడితే లెక్క మారుతుంది. సగం, పావు అనే భిన్నాల మొదలు కూడా అక్కడే ఉంది. నేను బోర్డు మీద ఈ నాలుగు సంగతులు చెప్పాలంటే వారాలు పడుతుంది, చెప్పినా ఎందరికి ఎక్కుతుందో తెలియదు. ఇక్కడ తప్పు పట్టుకున్నది కూడా నేను కాదు. పై ముక్క జారి కింద పడింది, పిల్లలే సర్దుకున్నారు. ఎర్ర పెన్ను అవసరం రాలేదు, ఎవరూ నా ముఖం వైపు చూడలేదు. విద్యాహక్కు చట్టం 2009లోనే, 29వ సెక్షన్‌లో, పిల్లలు పనులు చేస్తూ, వెతుక్కుంటూ, కనుక్కుంటూ నేర్చుకోవాలని ఉంది. భయం, ఆందోళన లేకుండా నేర్చుకోవాలని కూడా అక్కడే ఉంది. చట్టంలో ఉన్న ఆ మాటకు తరగతిలో రూపం ఎలా ఉంటుందని అడిగితే నేను ఈ వంతెననే చూపిస్తాను.

ఈ ముక్కల కొలతలు ఊరికే పుట్టినవి కావు. జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్ అనే ఊళ్ళో చిన్నపిల్లల కోసం తన పని మొదలుపెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. ఆయన పిల్లలకిచ్చిన వాటిలో రెండంగుళాల ఘనం ఒకటి. దాన్ని విడదీస్తే అంగుళం ఘనాలు ఎనిమిది వస్తాయి. మొత్తాన్ని విడదీసి మళ్ళీ కలపడం పిల్లల చేతిలో పెట్టాడన్నమాట. 1851లో ప్రష్యా ప్రభుత్వం ఆయన బడుల్ని నిషేధించింది కూడా. తర్వాత న్యూయార్క్‌లో, 1914లో మొదలైన తన బడి కోసం కరొలైన్ ప్రాట్ తయారుచేసిన ముక్కలు పెద్దవి, నేల మీద కట్టుకోవడానికి. మందానికి రెండింతలు వెడల్పు, వెడల్పుకు రెండింతలు పొడవు. అంగుళాల్లో ఆమె కొలత సుమారుగా మా 3.5, 7, 14 సెంటీమీటర్లే. ఈ ఒకటి, రెండు, నాలుగు వరస వల్లే మా పిల్లల వంతెన నిలబడింది. బజారులో దొరికే రంగురంగుల ప్లాస్టిక్ ముక్కల్లో చాలావాటికి ఇలాంటి సంబంధం ఉండదు. ఒకదానికొకటి అతుక్కుని నిలిచిపోతాయి కాబట్టి బరువు, ఆనిక తెలియవు. అవి అసలే లేకపోవడం కంటే నయం, అంతే.

ఇక మా పిల్లల సంగతి. మా ఊళ్ళో సగం ఇళ్ళవాళ్ళు బండల పని మీదే బతుకుతారు. కొందరు గనుల్లో, కొందరు పాలిష్ ఫ్యాక్టరీల్లో, కొందరు లారీలకు లోడింగ్. ఈ పిల్లలు బడికి వచ్చేటప్పటికి వాళ్ళకు రాయి గురించి చాలా తెలుసు. ఒకడు బల్లపరుపు ముక్కలన్నిటినీ అంచు మీద నిలబెట్టి, గోడకు వాలుగా ఒకదానికొకటి ఆనించి వరసగా పేర్చాడు. ఎందుకలా అంటే, "బండలు పండబెడితే ఇరిగిపోతాయి మేడం, ఇట్లనే పెట్టల్ల" అన్నాడు. పలచటి బండను పడుకోబెడితే కింద ఎక్కడ ఎత్తు ఉంటే అక్కడ పగులుతుంది, నిలబెడితే బరువు అంచు మీదుగా నేరుగా కిందికి దిగుతుంది. వాడికి అది తెలుసు. అక్షరాల దగ్గర ఆ పిల్లోడు వెనకబడి ఉన్నాడని నా రిజిస్టర్లో ఉంది. బ్లాకులు లేకపోతే వాడికి ఏమి తెలుసో నాకు తెలిసేది కాదు.

గోపురాలు కట్టని వారం ఉండదు. తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడిలో గోపురాలు అసంపూర్తిగా నిలిచిపోయి ఉంటాయి, పిల్లలందరూ చూసినవే. చింతల వెంకటరమణ స్వామి గుడిలో రథం ఆకారంలో కట్టిన రాతి గరుడ మండపం కూడా వాళ్ళకు తెలుసు. పైకి పోయేకొద్దీ సన్నబడితేనే గోపురం నిలుస్తుందని నేను చెప్పలేదు. అన్ని వరసలూ ఒకే వెడల్పు పెట్టిన గుంపు వాళ్ళది ఊగుతుంటే, కింద వెడల్పు పెంచిన గుంపు వాళ్ళది ఇంకో నాలుగు వరసలు లేచింది. మరుసటి రోజు అందరూ కింద వెడల్పు పెట్టారు.

హ్యారియెట్ జాన్సన్ అనే అమెరికన్ అధ్యాపకురాలు పిల్లల కట్టడాలను దగ్గరుండి చూసి, వాటిలో ఒక వరస ఉందని 1933లో రాసింది. మొదట ముక్కల్ని ఊరికే మోసుకు తిరుగుతారు. తర్వాత వరసలు, నిట్టనిలువు దొంతర్లు. తర్వాత వంతెన, ఆ తర్వాత చుట్టూ మూసిన దడి, ఆ పైన రెండు వైపులా ఒకేలా ఉండే అమరికలు, ఆ తర్వాతే కట్టినదానికి పేరు పెట్టడం, చివరికి చూసినదాన్ని చూసినట్టు కట్టడం. మూడేళ్ళ వయసులో మొదలుపెట్టాల్సిన పిల్లలు ఆరేళ్ళకు మొదలుపెట్టినా ఈ మెట్లన్నీ ఎక్కుతారు, కాకపోతే త్వరగా ఎక్కుతారు. అందుకే జూన్‌లో ఒకటో తరగతి పిల్లలు ముక్కల్ని సంచిలో వేసుకుని గదంతా తిరుగుతుంటే చూసేవాళ్ళకు పనికిమాలిన పనిగా కనిపించినా, వాళ్ళను ఆపకూడదు.

ఆడపిల్లల గురించి ఒక మాట చెప్పి తీరాలి. వదిలేస్తే పొడవు ముక్కలన్నీ మగపిల్లలు లాక్కుంటారు. ఆడపిల్లలు మిగిలిన చిన్న ముక్కలతో పక్కన ముగ్గులాంటి అమరికలు వేస్తారు. ఆ అమరికలు తక్కువవేం కావు. మధ్య గీతకు అటూ ఇటూ ఒకే దూరంలో ఒకే ముక్క పెట్టడం సౌష్ఠవం, అది గట్టి లెక్కే. కానీ ఎత్తు కట్టే అవకాశం, బరువు మోసే అవకాశం వాళ్ళకు రాకపోవడం అన్యాయం. అందుకే పొడవు ముక్కలు ఏ రోజు ఏ గుంపువో నేనే చెప్తాను. ఈ ఒక్క విషయంలో పిల్లల ఇష్టానికి వదలను.

భాష సంగతి చాలామందికి తట్టదు. మీద, కింద, నడుమ, అడ్డంగా, నిలువుగా, ఆనించి, ఎదురుగా, అంచుకు, ఇవన్నీ పుస్తకంలో బొమ్మ చూపించి చెప్తే ఒకసారి అని మర్చిపోతారు. ఇద్దరు కలిసి కట్టేటప్పుడు ఆ మాటలు లేకుండా పని జరగదు. తర్వాత కట్టినదానికి చీటీ పెట్టమంటాను. ఒకటో తరగతి మొదట్లో మనం నేర్పేవి రెండక్షరాల సులువు మాటలు. కానీ కట్టింది గోపురమైతే పిల్లవాడికి "గోపురం" అనే కావాలి. అందులో ఓత్వం ఉంది, కొమ్ము ఉంది, సున్న ఉంది. గుణింతాల దాకా మనం ఇంకా రాలేదని చెప్తే వాడు ఊరుకోడు. నేను రాసి చూపిస్తే చూసి రాసుకుని, తన కట్టడం ముందు పెట్టి, వచ్చిపోయేవాళ్ళందరికీ చదివి వినిపిస్తాడు. బస్టాండు, బండల ఫ్యాక్టరీ, నీళ్ళ ట్యాంకు, ఇలాంటి చీటీలతో మా గది గోడ మీద పదాల పట్టిక తయారైంది. రెండో తరగతి పిల్లలు "ఎట్ల కట్టినామో" మూడు వాక్యాలు రాస్తారు. ఏం రాయాలో తెలియక పెన్సిల్ కొరుక్కునే పిల్లలు ఆ రోజు కనిపించరు.

తల్లిదండ్రుల అభ్యంతరం గట్టిది. దాన్ని తేలిగ్గా తీసుకోను. లోడింగ్ పనికి పోయే ఒక తండ్రి వచ్చి అడిగాడు: "ఆడుకునేదానికైతే ఇంటికాడ ఆడుకోడా మేడం? నాలుగు అక్షరాలు వస్తాయని కదా బడికి పంపేది." పక్కనున్న ప్రైవేటు బడిలో యూకేజీ పిల్లల నోటుపుస్తకాలు నిండిపోయి ఉంటాయి. అది కళ్ళకు కనిపించే చదువు. అక్షరం రాక తాను ఎక్కడెక్కడ మోసపోయాడో ఆయనకు తెలుసు, కాబట్టి నోటుపుస్తకం అడిగే హక్కు ఆయనకుంది. తల్లిదండ్రుల మీటింగ్ రోజు నేను ఉపన్యాసం ఇవ్వలేదు. పిల్లలు కట్టిన గోడ పక్కన పెద్దవాళ్ళను కూర్చోబెట్టాను. వాళ్ళలో బేల్దారి పనిచేసే ఒకాయన ఆ గోడను చూసి ఊరుకోలేకపోయాడు. "అతుకు మీద అతుకు పడకూడదు నాయనా, గోడ నిలువునా చీలిపోతాది" అని, పై వరసను సగం ముక్కతో మొదలుపెట్టి చూపించాడు. కింది రెండు ముక్కల అతుకు మీద పై ముక్క నడుమ వచ్చేలా. కొడుకు ఆ వరసంతా తనే పూర్తిచేశాడు. మర్నాటి నుంచి సగం ముక్కలకు గిరాకీ పెరిగింది. ప్రతి రెండో వరసకూ ఆ చివరొకటి, ఈ చివరొకటి కావాలి కదా. ఒక గోడకు ఎన్ని సగాలు కావాలో పిల్లలు ముందే లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ మీటింగ్ తర్వాత ఆ ఊళ్ళో ఎవరూ నన్ను "ఆటలెందుకు" అని అడగలేదు.

అధికారుల అభ్యంతరం వేరే రకం. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశ అంది. అంటే అంగన్‌వాడీ మూడేళ్ళు, ఒకటి, రెండు తరగతులు కలిపి. 2022లో ఆ దశకు వచ్చిన పాఠ్య ప్రణాళిక చట్రం ఆటను ముఖ్యమైన బోధన పద్ధతిగా చెప్పింది. 2023 ఫిబ్రవరిలో జాదూయీ పిటారా పేరుతో ఆటవస్తువుల పెట్టెనే విడుదల చేశారు. కాగితం మీద అంతా నా వైపే ఉంది. అయితే మరో పక్క 2021 జూలైలో మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర పథకం మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, లెక్క చేయడం రావాలంటుంది. గడువు 2026-27. ఆ లక్ష్యం నాకూ ఇష్టమే. కానీ దాన్ని కొలవడానికి పెట్టే పరీక్షలు దగ్గరపడేకొద్దీ మొదట కోత పడేది బ్లాకుల పీరియడ్‌కే.

ఇక్కడ ఒక పరిశోధన గురించి చెప్పాలి. వోల్ఫ్‌గాంగ్, స్టానర్డ్, జోన్స్ అనే ముగ్గురు 2001లో ప్రచురించారు. 1982లో చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు బ్లాకులతో ఎంత చక్కగా కట్టేవారో చూసి, వాళ్ళు హైస్కూలు ముగించేదాకా లెక్కల్లో ఎలా ఉన్నారో చూశారు. మూడో తరగతిలో, ఐదో తరగతిలో ఏ సంబంధమూ కనిపించలేదు. ఏడో తరగతి పరీక్షల్లో, హైస్కూల్లో కనిపించింది. పిల్లలు 37 మందే, కాబట్టి దీన్ని తిరుగులేని రుజువుగా నేను చూపించను. బ్లాకుల వల్లే లెక్కలు వచ్చాయని కూడా ఇది తేల్చదు. కానీ మూడో తరగతి పరీక్షలో ఫలితం కనిపించలేదని బ్లాకులు ఆపేసేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. బీజగణితం, క్షేత్రగణితం వచ్చే వయసు దాకా ఆగకుండా దీని విలువ కట్టడం తొందరపాటు.

అలాగని బ్లాకులు అన్నీ నేర్పుతాయని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అక్షరానికి, ధ్వనికి ఉన్న సంబంధం టీచరే నేర్పాలి, రోజూ నేర్పాలి. ఎక్కాలు నోటికి రావాలంటే చదవాలి. పదులు, ఒకట్ల స్థానవిలువకు జోల్టాన్ డీన్స్ అనే గణితవేత్త పేరుతో ప్రసిద్ధమైన చిన్న ఘనాలు, పదుల కడ్డీలు, వందల పలకలు వేరుగా ఉన్నాయి. వాటితో టీచర్ చెప్పినట్టు చేయాలి. స్వేచ్ఛగా కట్టే పీరియడ్‌ను, ఆ పాఠాన్ని కలిపేస్తే రెండూ చెడతాయి.

ఈ పీరియడ్‌లో టీచర్ కుర్చీలో కూర్చుని ఫోన్‌లో హాజరు, భోజనం ఫొటోలు అప్‌లోడ్ చేస్తుంటే కూడా ఫలితం ఉండదు. ఆ అప్‌లోడ్ల ఒత్తిడి ఎంతుంటుందో నాకు తెలుసు, అందుకే అది ఆ నలభై నిమిషాల్లోకి రాకూడదని గట్టిగా అంటున్నాను. టీచర్ నేల మీద కూర్చుని చూడాలి. "ఎన్ని ముక్కలు? ఇది ఏం రంగు?" అని పరీక్ష పెడితే పిల్లలు కట్టడం ఆపి జవాబు చెప్పడంలో పడతారు. "ఈ ముక్క తీస్తే ఏమవుతుంది? ఇది పడకుండా ఏం చేశావు?" అని అడిగితే కట్టడం ముందుకు పోతుంది. చాలాసార్లు ఏమీ అడగకుండా ఉండటమే మంచిది. ఫొటో కోసం టీచరే పూర్తిచేసిన అందమైన కోట కన్నా సగం కూలిన వంతెన దగ్గరే ఎక్కువ నేర్చుకుంటారు.

ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చూసే బడుల్లో ఇది కుదరదంటారు. అక్కడే బాగా కుదురుతుంది. ఒకటి, రెండు తరగతులు కలిసి కట్టుకుంటాయి, పెద్దపిల్లలు చిన్నవాళ్ళకు చూపిస్తారు. నియమాలు రెండు చాలు. నీ భుజం కంటే ఎత్తు కట్టకూడదు, పక్కవాళ్ళది తాకకూడదు. సర్దడం కూడా పీరియడ్‌లో భాగమే. అరమీద ప్రతి ముక్క ఆకారం గీసి పెడితే ఏది ఎక్కడికో పిల్లలే చూసుకుంటారు. పది నిమిషాలు ఇస్తే మాత్రం తీయడం, సర్దడం తప్ప ఏమీ జరగదు.

డబ్బు పెద్ద అడ్డంకి కాదు. మా ముక్కలు ఊరి ఆచారి కోసి ఇచ్చినవి. సామిల్లులో మిగిలిన వేప చెక్క తెచ్చి ఇచ్చాం. ఆయనకు చెప్పాల్సింది ఒక్కటే: కొలత మిల్లీమీటరు కూడా తేడా రాకూడదు, తేడా వస్తే రెండు సగాలు ఒక అసలుకు సరిపోవు. అంచులు సాండ్ పేపర్‌తో బాగా రుద్దాలి, రంగు వద్దు. అసలు ముక్కలు, సగాలు ఎక్కువ చేయించాలి, 28, 56 సెంటీమీటర్ల పొడవువి తక్కువ చాలు. బండల ఫ్యాక్టరీ ముక్కలు ఊరికే దొరుకుతాయి కదా అని కొందరు సలహా ఇచ్చారు. రాతి ముక్క కాలి మీద పడితే వేళ్ళు నలుగుతాయి, ఆ దుమ్ము ఈ పిల్లల ఇళ్ళలో ఇప్పటికే చాలినంత ఉంది. చెక్కే కావాలి.

అసలు అడ్డంకి స్టాక్ రిజిస్టర్. ఒక ముక్క పోతే ఎవరు జవాబుదారీ అన్న భయంతోనే బీరువాకు తాళం పడుతోంది. చాక్‌పీసులు అరిగిపోతే ఎవరూ లెక్క అడగరు. బ్లాకుల్ని కూడా వాడుకలో అరిగే వస్తువుల కిందే రాసుకోవడానికి అనుమతి ఇవ్వాలి, ఏడాదికి కొన్ని పోవడం మామూలే అని ఉత్తర్వులోనే ఉండాలి. చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే కాంప్లెక్స్ మీటింగ్ వచ్చినప్పుడు నేను ఈ రెండూ రాసిస్తున్నాను, రిజిస్టర్ సంగతి, పొద్దున మొదటి పీరియడ్ సంగతి. మీరు పనిచేసే మండలంలో మీరూ రాసివ్వండి. ఆ లోపల హెచ్ఎం (ప్రధానోపాధ్యాయులు) గారిని అడిగి తాళం తీయించుకోండి.